తెలిసీ చేయలేని పిల్లాడు: ఏడీహెచ్‌డీ ఉన్న ఇంట్లో శిక్ష ఎందుకు గురి తప్పుతుంది

రాత్రి ఎనిమిదిన్నర. హాల్లో నేల మీద మూడో తరగతి పిల్లాడు, వాడి ముందు చూచిరాత పుస్తకం. రాయాల్సినవి పది లైన్లు. ఆరింటికి కూర్చోబెడితే ఇప్పటికి మూడయ్యాయి. మధ్యలో పెన్సిల్ నాలుగుసార్లు చెక్కాడు, రబ్బరును తుంచి ముక్కలు చేశాడు, మంచినీళ్లకని లేచాడు, బాత్రూమ్‌కని వెళ్లి బకెట్లో మగ్గును ముంచుతూ తేలుస్తూ అక్కడే ఉండిపోయాడు. తల్లి మొదట మెల్లగా చెప్పింది, తర్వాత గట్టిగా చెప్పింది, ఆ తర్వాత కేకేసింది, చివరికి వీపు మీద ఒకటి పడింది. వాడు వెక్కుతూ మిగతా ఏడు లైన్లూ గబగబా గీకేశాడు. పక్క గదిలోంచి నానమ్మ అంది: "చూశావా, ఒకటి పడితే గానీ కదలడు."

ఆ రాత్రికి ఆ మాట నిజమే. మర్నాడు ఆరింటికి మళ్లీ అదే పుస్తకం, అవే మూడు లైన్లు. నిన్నటి దెబ్బ వాడు మర్చిపోలేదు. ఎందుకు పడిందో అడిగితే తడుముకోకుండా చెబుతాడు. హోంవర్క్ ఎలా చేయాలో, ఎప్పుడు చేయాలో కూడా చెబుతాడు. పెన్సిల్ పట్టుకున్న ఆ నిమిషంలో మాత్రం ఈ తెలివిడి ఏదీ వాడి చేతికి అందదు. ఏడీహెచ్‌డీ (అటెన్షన్ డెఫిసిట్ హైపరాక్టివిటీ డిజార్డర్, అంటే ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం) ఉన్న పిల్లల పెంపకంలో చిక్కుముడి ఇక్కడే పడుతోంది. మన ఇళ్లలోనూ బళ్లలోనూ వాడుకలో ఉన్న శిక్షలన్నీ తెలియనివాడికి తెలియజెప్పడానికి పుట్టినవి. ఈ పిల్లాడికి తెలుసు. తెలిసినదాన్ని చేయాల్సిన క్షణంలో చేయలేకపోతున్నాడు. అలాంటివాడికి ఎన్నిసార్లు తెలియజెప్పినా, ఎంత గట్టిగా తెలియజెప్పినా ఒరిగేది తక్కువ.

ఈ సంగతి వైద్యుల కంట పడి నూరేళ్లు దాటింది. 1902లో లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్‌లో పిల్లల వైద్యుడు జార్జ్ స్టిల్ మూడు ఉపన్యాసాలిచ్చాడు. తెలివితేటలకు లోటు లేకపోయినా తమను తాము అదుపులో పెట్టుకోలేని పిల్లల గురించి ఆయన చెప్పాడు. శిక్షించిన కొద్ది గంటలకే వాళ్లు మళ్లీ అదే పని చేస్తున్నారనీ గమనించాడు. దానికి ఆయన పెట్టిన పేరు నైతిక నిగ్రహ లోపం. పేరులోనే నింద ఉంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లో దీన్ని అటెన్షన్ డెఫిసిట్ డిజార్డర్ అంది, 1987లో ఇప్పుడున్న పేరుకు మార్చింది. పుస్తకాల్లో పేరు మారింది గానీ పెళ్లిళ్లలో, బంధువుల ఇళ్లలో ఇప్పటికీ వినపడేది స్టిల్ కాలం నాటి మాటే: "పెంపకం సరిగ్గా లేదు."

అల్లరి చేసే ప్రతి పిల్లాడికీ ఈ పేరు తగిలించడం కూడా తప్పే. వైద్యులు పాటించే లెక్క కాస్త కఠినంగానే ఉంటుంది. లక్షణాలు పన్నెండేళ్ల లోపే కనిపించి ఉండాలి, కనీసం ఆరు నెలలుగా సాగుతుండాలి, వయసుకు తగని స్థాయిలో ఉండాలి, రోజువారీ బతుకును దెబ్బతీస్తుండాలి, ఒకటి కంటే ఎక్కువ చోట్ల కనబడాలి. ఇంట్లో రామయ్య, వీధిలో కృష్ణయ్య అయితే కారణం వేరే వెతకాలి. బళ్లో మాత్రమే గొడవ అయితే బళ్లో ఏముందో చూడాలి. వినికిడి లోపం, నిద్రలో ఊపిరి అడ్డుపడటం, ఇంట్లో రోజూ జరిగే కొట్లాటలు, చదవడంలోనే ఉన్న ఇబ్బంది, ఇవన్నీ బయటికి పరధ్యానంలాగే కనిపిస్తాయి. మన దగ్గర వయసు నిండకుండానే ఎల్‌కేజీలో వేసే అలవాటు ఒకటుంది. తరగతిలో అందరికంటే చిన్న పిల్లలకు ఈ ముద్ర ఎక్కువగా పడుతోందని చాలా దేశాల్లో తేలింది. పది నెలల చిన్నవాణ్ణి పెద్దవాళ్లతో పోల్చి కుదురు లేదనడం వాడికి అన్యాయం.

నిజంగా ఏడీహెచ్‌డీ ఉన్నప్పుడు ఎదుగుదల ఎక్కడ వెనకబడుతుందో 2007లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు మెదడు స్కాన్ల మీద చూపించారు. ఏడీహెచ్‌డీ ఉన్న 223 మంది పిల్లలను, లేని 223 మందిని వాళ్లు పోల్చారు. మెదడు పైపొర ఎదుగుతూ ఎదుగుతూ ఒక గరిష్ఠ మందానికి చేరి, ఆపై పలచబడుతుంది. పైపొరలో సగం భాగం ఆ గరిష్ఠానికి చేరిన వయసు మామూలు పిల్లల్లో ఏడున్నర ఏళ్లు, వీళ్లలో పదిన్నర. అన్నిటికంటే ఎక్కువ ఆలస్యం కనిపించింది నుదుటి వెనక ఉండే భాగంలో. ఆగు, ఆలోచించు, వరసలో పెట్టు అని చెప్పే భాగం అది. ఇది సగటు లెక్క, ఫలానా పిల్లాడి స్కాన్ తీసి జబ్బు తేల్చడానికి పనికిరాదు. తల్లిదండ్రులకు మాత్రం ఇందులో పెద్ద ఆసరా ఉంది. తొమ్మిదేళ్లవాడు తొమ్మిదేళ్ల ప్రశ్నలే అడుగుతాడు, తొమ్మిదేళ్ల జోకులే వేస్తాడు. తనను తాను ఆపుకోవడంలో మాత్రం ఆరేడేళ్లవాడిలా ఉంటాడు. మాట్లాడే తెలివిని చూసి ఆపుకునే శక్తి కూడా అంతే ఉందనుకోవడం వల్లే ఇంట్లో సగం గొడవలు.

ఇక్కడ ప్రతి ఇంట్లో ఒక అనుమానం వస్తుంది. ఫోన్ ఇస్తే రెండు గంటలు కదలకుండా కూర్చుంటాడు కదా, అప్పుడెక్కడి నుంచి వస్తుంది ఆ ధ్యాస? న్యాయమైన ప్రశ్నే. ఫోన్‌లో ఆట ప్రతి రెండు మూడు సెకన్లకు ఏదో ఒకటి ఇస్తుంది: చప్పుడు, రంగు, పాయింటు, ఓటమి, మళ్లీ మొదలు. చూచిరాత ఇచ్చేది రేపు టీచర్ పెట్టే ఒక టిక్కు. ఈ పిల్లలకు ధ్యాస లేదనడం కంటే, ధ్యాసను తిప్పే మీట వాళ్ల చేతిలో లేదనడం సరిగ్గా సరిపోతుంది. ఫలితం ఎంత దూరం జరిగితే అది అంత త్వరగా వాళ్ల కంటికి ఆనకుండా పోతుంది. ఎదురుచూడటమే వాళ్లకు భరించలేని పని అని బ్రిటన్‌లో మనస్తత్వవేత్త ఎడ్మండ్ సొనుగా-బార్క్ 1990ల నుంచి చెబుతూ వచ్చాడు. "యాన్యువల్‌లో ఫస్ట్ వస్తే సైకిల్ కొంటా" అన్న తండ్రి నిజాయతీగానే అన్నాడు. ఆగస్టులో అన్న ఆ మాట ఏప్రిల్లో ఉన్న సైకిల్‌ది. ఈ రోజు సాయంత్రం ఆరింటికి ఆ సైకిల్ వాడికి కనిపించదు. "నాన్న రానీ, నీ పని చెప్తా" అనే బెదిరింపు కూడా అంతే. తండ్రి తొమ్మిదింటికి వస్తాడు. నాలుగింటి తప్పుకు తొమ్మిదింటికి పడే దెబ్బ వాడికి తప్పుతో ముడిపడదు, నాన్న రాకతో ముడిపడుతుంది.

దండం దశగుణం భవేత్ అన్న ముక్క మన బడిపంతుళ్ల నోట తరతరాలుగా ఉంది. మొక్కై వంగనిది మానై వంగునా అనేది తల్లిదండ్రుల భయం. ఇప్పుడు వదిలేస్తే పెద్దయ్యాక చేయి దాటిపోతాడన్న ఆ ఆత్రం వెనక ఉన్నది ప్రేమే. గోడకుర్చీ, తొడపాశం, గుంజీళ్లు, చేతి వేళ్ల మీద స్కేలు, ఇవన్నీ ఆ నమ్మకం మీదే నిలిచాయి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బళ్లో కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. చట్టం సంగతి పక్కనపెట్టి ఫలితం చూసినా ఈ పిల్లల దగ్గర ఈ శిక్షలు ఓడిపోతాయి. వాటిలో అన్నిటికంటే చేటు చేసేది చూడటానికి చాలా మెత్తగా కనబడుతుంది. క్లాసులో కదులుతున్నాడని ఆటల పీరియడ్ ఎగ్గొట్టించి కూర్చోబెట్టడం అది. ఒంట్లో ఉన్న కదలికకు రోజంతటిలో దొరికే ఒక్క దారినీ మూసేస్తే మిగతా నాలుగు పీరియడ్లలో అది తన్నుకొస్తుంది. దానికి మళ్లీ శిక్ష.

మరి దెబ్బ పని చేస్తున్నట్టు ఎందుకు కనిపిస్తుంది? చేయి పడగానే అల్లరి ఆగుతుంది. అందుకని కొట్టిన చేతికి బహుమతి దొరికినట్టవుతుంది, మరుసారి ఆ చేయి ఇంకాస్త త్వరగా లేస్తుంది. అవతలి వైపు చూస్తే, పిల్లాడు గట్టిగా ఏడ్చి, కింద పడి దొర్లినప్పుడు అమ్మ విసిగిపోయి "సరే, వదిలెయ్" అంటుంది. వాడికి కూడా ఒక పాఠం అందింది: ఇంకాస్త గట్టిగా చేస్తే పని తప్పుతుంది. ఇద్దరూ ఒకరికొకరు నేర్పుకుంటూ పోతారు. అమెరికాలోని ఆరెగాన్‌లో మనస్తత్వవేత్త జెరాల్డ్ ప్యాటర్సన్ ఇళ్లల్లో కూర్చుని తల్లీపిల్లల మాటలను వరసగా రాసుకుని ఈ వలయాన్ని బయటపెట్టాడు. మొదట మామూలు గొంతుతో అయ్యే పని, ఏడాది తిరిగేసరికి అరిస్తే గానీ కాదు. ఇంకో ఏడాదికి అరుపూ చాలదు.

ఈ వలయానికి కారణం తల్లి కాదని తేల్చిన ప్రయోగం 1979 నాటిది. మనస్తత్వవేత్తలు రసెల్ బార్క్లీ, చార్లెస్ కన్నింగ్‌హామ్ ఈ పిల్లలకు కొన్నాళ్లు మందు, కొన్నాళ్లు అలాగే కనిపించే ఉత్తి మాత్ర ఇచ్చి తల్లీపిల్లలు కలిసి ఉన్నప్పుడు గమనించారు. మందు వాడిన రోజుల్లో పిల్లలు చెప్పిన మాట ఎక్కువగా విన్నారు, దాంతో తల్లుల ఆజ్ఞలు, చీవాట్లు వాటంతట అవే తగ్గాయి. ఆమెకు ఎవరూ కొత్తగా ఏమీ నేర్పలేదు. ఆ ఇంట్లో కేకలు పిల్లాడి ఇబ్బందికి వచ్చిన జవాబులు. 1994లో జరిగిన మరో ప్రయోగం దీనికి రెండో ముఖం చూపిస్తుంది. మా పిల్లాడికి పంచదార పడదు, తింటే ఆగడు అని నమ్మే తల్లులను పిలిచారు. పిల్లలందరికీ పంచదార లేని పానీయమే ఇచ్చి, సగం మంది తల్లులకు మాత్రం పంచదార బాగా వేశామని చెప్పారు. ఆ తల్లులకు తమ పిల్లల్లో అల్లరి ఎక్కువగా కనిపించింది. అంతేకాదు, వాళ్లు పిల్లలను ఎక్కువ వెంటాడారు, ఎక్కువ తప్పుపట్టారు. వీడింతే అని ఒకసారి అనుకున్న కంటికి ఆ పిల్లాడు అలాగే కనిపిస్తాడు. కోడలిని నిందించే అత్తగారికీ, డైరీలో రోజూ ఎర్ర పెన్ను పెట్టే టీచరుకూ ఈ ప్రయోగం గురించి ఎవరైనా చెప్పాలి.

తండ్రి సంగతి వేరు. "నేనూ చిన్నప్పుడు ఇలాగే ఉండేవాణ్ణి, మా నాన్న బెల్టు తీస్తే దారికొచ్చా" అనే మాట డాక్టరు గదిలో మామూలు. దాన్ని తోసిపుచ్చకుండా వినాలి, ఎందుకంటే అందులో సగం రోగ చరిత్రే. ఏడీహెచ్‌డీలో వంశపారంపర్యం పాలు కవలల అధ్యయనాల్లో 70 నుంచి 80 శాతం దాకా తేలుతుంది, ఎత్తుతో పోల్చదగ్గంత. ఆ తండ్రికి ఇప్పటికీ బండి తాళాలు దొరకవు, కరెంటు బిల్లు గడువు దాటుతుంది, కోపం ముందొచ్చి ఆలోచన తర్వాత వస్తుంది. బెల్టు వల్ల అవేవీ పోలేదు. ఇంట్లో క్రమం పెట్టాల్సిన పెద్దవాడికే క్రమం కష్టమైతే, పిల్లాడి కోసం పెట్టుకున్న పట్టిక నాలుగో రోజుకే అటకెక్కుతుంది. అలాంటి ఇళ్లలో పెద్దవాళ్లకు కూడా పరీక్ష చేయించడం పిల్లాడి వైద్యంలో భాగమే.

చేయాల్సిన పనుల్లో మొదటిది, చేతకానిదాన్నీ చేయననే మొండితనాన్నీ వేరు చేయడం. వాటర్ బాటిల్ బళ్లో మర్చిపోవడం, చెప్పిన మూడు పనుల్లో రెండు వదిలేయడం, మాట మధ్యలో దూరడం, కుర్చీలో కాళ్లు ఊపడం మొదటి రకం. వీటికి శిక్ష వేస్తే జ్వరం వచ్చినందుకు కొట్టినట్టే. చెల్లిని కొట్టడం, వస్తువులు విసరడం, కావాలని అబద్ధమాడటం రెండో రకం. వీటికి హద్దు ఉండాలి, తప్పకుండా ఉండాలి. ఏడీహెచ్‌డీ ఉందని చెల్లిని కొట్టనిస్తే ఇద్దరికీ అన్యాయమే. పొద్దుట్నుంచీ యాభై విషయాలకు అరిచిన ఇంట్లో యాభై ఒకటోది చెల్లి మీద పడ్డ దెబ్బ అయితే, ఆ అరుపుకు విలువ ఏముంటుంది?

మాట చెప్పే తీరు దగ్గరే ఎంతో మారుతుంది. పొద్దున ఏడింబావు. వంటింట్లోంచి అమ్మ: "రెడీ అవ్వరా, వ్యాన్ వచ్చేస్తుంది!" ఆ ఒక్క రెడీలో ఎనిమిది పనులున్నాయి: పళ్లు తోముకోవడం, స్నానం, యూనిఫాం, సాక్సు, టిఫిన్, బెల్టు, డైరీ, లంచ్ బ్యాగ్. వాడు ఒక సాక్సు వేసుకుని రెండోది చేత్తో పట్టుకుని బాల్కనీలో పావురాన్ని చూస్తున్నాడు. కుక్కర్ విజిల్ మధ్య వినబడిన కేక వాడికి గాలిలో కలిసిన చప్పుడు. అదే అమ్మ స్టవ్ తగ్గించి, దగ్గరకెళ్లి, భుజం మీద చేయి వేసి, వాడు మొహం తిప్పాక "రెండో సాక్సు వేసుకో" అని ఐదు సెకన్లు ఆగితే పని అవుతుంది. ఒకసారికి ఒకటే పని. వేసుకుంటావా అని అడగడం కాదు, వేసుకో అని చెప్పడం. వేసుకోగానే "భలే, వెంటనే వేసుకున్నావ్" అనడం. ఆ ఎనిమిది పనుల బొమ్మలు గీసి తలుపు మీద, వాడి కంటి ఎత్తులో అంటించడం. అప్పుడు తర్వాత ఏంటి అన్నది అమ్మ గొంతులోంచి కాక గోడ మీద నుంచి వస్తుంది, గోడ మీద వాడికి కోపం రాదు. పొద్దుటి హడావిడిలో నలుగురికి క్యారియర్లు కట్టే తల్లికి ఇదంతా పని మీద పని. నిజమే. అరుపులకు పట్టే సమయం కంటే ఇది తక్కువేనని రెండు వారాలు పోయాక గానీ తెలియదు.

చూచిరాతకు కూడా ఇదే సూత్రం. పది లైన్లను మూడు, మూడు, నాలుగుగా విడగొట్టాలి. వంటగది టైమరు పది నిమిషాలకు తిప్పి కంటికి కనిపించేలా పెట్టాలి, ఎందుకంటే గడిచే కాలం ఈ పిల్లలకు లోపల తెలియదు, బయట చూడాలి. మూడు లైన్లు కాగానే గాజు సీసాలో ఒక చింతపిక్క వాడే వేయాలి. లేచి మెట్లు ఒకసారి ఎక్కి దిగి రావచ్చు. మూడు పిక్కలైతే ఆ సాయంత్రమే నాన్న బండి మీద ఒక రౌండు, లేదా రాత్రి వాడు అడిగిన కథ. చింతపిక్కే ఎందుకంటే అది చప్పుడు చేస్తుంది, బరువుంటుంది, సీసాలో పెరగడం కనిపిస్తుంది. మొదటి వారాల్లో వేసిన పిక్క తీయకూడదు. సంపాదించింది పోతుందని తెలిస్తే ఆట మీద నమ్మకం పోతుంది. రెండు మూడు వారాలకు ఈ సరదా చప్పబడుతుంది. అప్పుడు పద్ధతి పనిచేయడం లేదని వదిలేయకుండా బహుమతి మార్చాలి, పిక్కల బదులు గవ్వలు పెట్టాలి.

దీన్ని లంచం అనేవాళ్లున్నారు, ముఖ్యంగా ఇంట్లో పెద్దలు. ఏడుపు ఆపడానికి ముందే చేతిలో పెట్టే చాక్లెట్ లంచం. చేసిన పనికి చేసిన వెంటనే అందేది కూలి. పెద్దవాళ్లు నెల చివరి జీతం కోసం ముప్పై రోజులు ఆగగలరు, ఈ పిల్లాడు ముప్పై నిమిషాలు ఆగలేడు. తేడా అంతే.

రెండో రకం తప్పులకు శిక్ష చిన్నదిగా, వెంటనే, ప్రతిసారీ ఒకేలా ఉండాలి. చెల్లిని కొడితే ఉపన్యాసం లేకుండా, ఏడేళ్లవాడికి ఏడు నిమిషాలు, ఒక కుర్చీలో ఒంటరిగా. వయసు ఎన్నేళ్లయితే అన్ని నిమిషాలన్నది చాలామంది పాటించే కొలత. అక్కడ ఫోను, టీవీ, జాలి చూపులు ఉండకూడదు. ఏడు నిమిషాలూ అయ్యాక దాని గురించి మళ్లీ ఎత్తకూడదు. వారం రోజులు టీవీ బంద్ అనే శిక్ష రెండో రోజుకే పిల్లాడికి అర్థం లేనిదవుతుంది, మూడో రోజుకు తల్లిదండ్రులే సడలిస్తారు. ఒక హెచ్చరిక కూడా అవసరం. కొత్త పద్ధతి మొదలుపెట్టిన మొదటి వారం పది రోజులు అల్లరి తగ్గకపోగా పెరుగుతుంది. ఇన్నాళ్లూ పనిచేసిన ఏడుపు ఇప్పుడెందుకు పనిచేయడం లేదో వాడు ఇంకా గట్టిగా పరీక్షిస్తాడు. చాలా ఇళ్లు సరిగ్గా ఇక్కడే చేతులెత్తేస్తాయి. అమ్మ కుర్చీలో కూర్చోబెట్టగానే తాతయ్య వచ్చి ఎత్తుకుపోయినా అంతే సంగతి. అందుకే మొదలుపెట్టే ముందే ఇంట్లో అందరూ ఒక మాట మీదికి రావాలి.

బడి తోడు లేకపోతే ఇంట్లో కష్టం సగం వృథా. రోజూ డైరీలో వచ్చే ఫిర్యాదుల బదులు ఒక చిన్న కార్డు పెడితే చాలా మార్పు వస్తుంది. దాని మీద రెండు మూడు విషయాలే ఉంటాయి: చేయి ఎత్తి మాట్లాడాడా, క్లాస్‌వర్క్ పూర్తి చేశాడా. ప్రతి పీరియడ్‌కూ టీచర్ ఒక టిక్కు పెడతారు, సాయంత్రం ఆ టిక్కులు ఇంట్లో చింతపిక్కలవుతాయి. ముందు బెంచీలో, కిటికీకి దూరంగా కూర్చోబెట్టడానికి, బోర్డు తుడవడం, పుస్తకాలు పంచడం లాంటి కదిలే పనులు అప్పజెప్పడానికి పైసా ఖర్చు లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 వైకల్యాల జాబితాలో ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు, నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఉంది. చాలామంది పిల్లల్లో రెండూ కలిసే ఉంటాయి కాబట్టి చదవడం, రాయడం, లెక్కల్లో ఇబ్బంది ఉందేమో కూడా పరీక్ష చేయించాలి.

"హాస్టల్లో వేయండి, వాళ్లే దారికి తెస్తారు" అనే సలహా తెలుగు రాష్ట్రాల్లో ఈ పిల్లల తల్లిదండ్రులకు తప్పకుండా ఎదురవుతుంది. ఈ పిల్లలకు ఇవ్వగల సలహాల్లో ఇంతకంటే హాని చేసేది ఇంకొకటి లేదు. వీళ్లకు కావాల్సింది పని జరిగే చోట, జరిగే క్షణంలో, పక్కన ఒక మనిషి. హాస్టల్లో తెల్లవారుజామున స్టడీ అవర్, రాత్రి మళ్లీ స్టడీ అవర్, మధ్యలో తరగతులు, అందరి మీదా కలిపి ఒక వార్డెన్. సబ్బు పోగొట్టుకుంటాడు, దుప్పటి పోగొట్టుకుంటాడు, వరసలో చివర ఉంటాడు, తోటివాళ్లకు వినోదమవుతాడు. నెలకోసారి వచ్చే అమ్మానాన్నల ముందు బుద్ధిమంతుడిలా కూర్చుంటే మారిపోయాడని ఇల్లు సంబరపడుతుంది. ఆ కుదురు వెనక ఏముందో తెలుసుకోవాలంటే వాణ్ణి ఒంటరిగా, తొందర పెట్టకుండా అడగాలి.

ఆడపిల్లల విషయంలో అసలు ఇంతదాకా కూడా రాదు. గెంతని, అరవని, కిటికీలోంచి చూస్తూ ఉండిపోయే పిల్లను ఎవరూ డాక్టరు దగ్గరకు తీసుకెళ్లరు. పరధ్యానం పిల్ల, మందకొడి అని పేరు పెట్టి ఊరుకుంటారు. ఆమెకు పడే శిక్ష అరుపు కూడా కాదు, పోలిక. అక్కతో, పిన్ని కూతురితో, పక్కింటి అమ్మాయితో. పదో తరగతి వచ్చేసరికి తను తెలివితక్కువదాన్నని ఆమే నమ్మేస్తుంది.

మందుల విషయంలో తెలుగు ఇళ్లలో భయం ఎక్కువ, తెలిసింది తక్కువ. 1999లో వెలువడిన అమెరికా అధ్యయనంలో ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలు 579 మందికి నాలుగు రకాలుగా 14 నెలలు చికిత్స చేశారు. పరధ్యానం, అతిచలనం తగ్గించడంలో జాగ్రత్తగా సరిచూసుకుంటూ ఇచ్చిన మందు, ప్రవర్తన శిక్షణ ఒక్కదానికంటే మెరుగ్గా పనిచేసింది. ఆ లెక్కలను తర్వాత తరచి చూస్తే ఇంకో విషయం బయటపడింది. మందు, శిక్షణ రెండూ అందిన కుటుంబాల్లో, ఎవరి ఇంట్లో తిట్లూ నిలకడలేని శిక్షలూ బాగా తగ్గాయో, ఆ పిల్లల ప్రవర్తన బళ్లో మామూలు పిల్లలతో సమానమని టీచర్లు చెప్పారు. మందు పిల్లాడికి ఆగి ఆలోచించే ఒక్క క్షణం సందు ఇస్తుంది. ఆ సందులో ఏం నేర్చుకుంటాడన్నది ఇంటి మీద ఆధారపడుతుంది. మన దేశంలో వాడే మిథైల్‌ఫెనిడేట్ నియంత్రణలో ఉన్న మందు, డాక్టరు చీటీ లేకుండా దొరకదు, దొరకకూడదు. ఆకలి మందగించడం, నిద్ర ఆలస్యం కావడం ఉండొచ్చు. బరువు, ఎత్తు, బీపీ చూస్తూ ఉండాలి. అటొమాక్సెటిన్ వేరే తరహా మందు. ఆరేళ్ల లోపు పిల్లలకు మాత్రం మొదటి చికిత్స తల్లిదండ్రులకు ఇచ్చే శిక్షణేనని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2019 మార్గదర్శకాల్లోనూ చెప్పింది. మందు మొదలుపెట్టడం తల్లిదండ్రుల ఓటమేమీ కాదు, కళ్లజోడు పెట్టించడం ఎవరి ఓటమి?

హైదరాబాద్‌ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, బెంగళూరులోని నిమ్‌హాన్స్ ప్రభుత్వ రంగంలో ఉన్న చోట్లు. ఎర్రగడ్డ పేరు వినగానే వెనకడుగు వేసే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ జంకుతో పిల్లల జీవితంలో రెండు మూడేళ్లు ఊరికే పోతున్నాయి. 2022 అక్టోబర్‌లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ నంబరు 14416కి ఇంటి నుంచే ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు.

తల్లిదండ్రులకు శిక్షణ ఇచ్చే చాలాచోట్ల మొదటి వారం శిక్షల మాట ఎత్తరు. రోజుకు పది పదిహేను నిమిషాలు పిల్లాడి ఆటలో కూర్చోమంటారు. నియమాలు మూడే: ఆజ్ఞ వద్దు, ప్రశ్న వద్దు, పాఠం వద్దు. వాడు వంటింటి డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేరుస్తుంటే "ఇది ఏం రంగు?" అనకూడదు, "అలా కాదు, పెద్దది కింద పెట్టు" అనకూడదు. "పప్పు డబ్బా మీద కారం డబ్బా పెట్టావ్, ఇంకా పడలేదే" అని చూసింది చెప్పాలి. చాలామంది తల్లులకు మొదటి రోజు రెండు నిమిషాలు కూడా గడవదు, నోట్లోంచి ఆజ్ఞ జారిపోతుంది. రోజంతా దిద్దుబాట్లే వినే పిల్లాడు మొదట అనుమానంగా చూస్తాడు, డబ్బాలు కావాలనే పడేసి అమ్మ మొహం వైపు చూస్తాడు. నాలుగైదు రోజులు పోయాక ఆ వేళకు తనే డబ్బాలు సర్దుకుని పిలుస్తాడు. ఆ రోజు బడి నుంచి ఫోన్ వచ్చి ఉన్నా, చూచిరాత మూడు లైన్ల దగ్గరే ఆగిపోయినా, తల్లి చేయి జారి ఒకటి వేసి ఉన్నా, ఆ పది నిమిషాలు ఆపకూడదు. శిక్షగా అసలే ఆపకూడదు.